పీహెచ్‌డీ ఆలోచన ఉందా? పీరియాడికల్స్ సెక్షన్‌కి వెళ్లండి

ప్రశ్న: నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నాను. తెలుగునాట గ్రంథాలయోద్యమం మీద డిసర్టేషన్ తీసుకున్నాను. పుస్తకాలు సరిపోవు, పీరియాడికల్స్ (పత్రికలు, జర్నళ్లు) చూడమని మా గైడ్ అంటున్నారు. లైబ్రరీ కంప్యూటర్‌లో వ్యాసాల పేర్లు కొట్టి చూస్తే ఒక్కటీ రాలేదు. అన్నీ నెట్‌లో దొరుకుతున్నప్పుడు ఆ సెక్షన్‌కి వెళ్లడం అవసరమా? తర్వాత పీహెచ్‌డీ చేయాలని ఉంది.
– ఓ విద్యార్థిని, నల్గొండ

జవాబు: ఆ వ్యాసాలు మీ లైబ్రరీలో లేవని అప్పుడే అనుకోకండి. మీరు వెతికిన చోట వ్యాసాల పేర్లు ఉండవు. క్యాటలాగ్‌లో పుస్తకం పేరు ఉంటుంది, జర్నల్ పేరు ఉంటుంది. జర్నల్ లోపలి వ్యాసం పేరు మాత్రం సాధారణంగా ఎక్కించరు. అందుకే ఇది రెండు విడతల పని. మీకు కావలసిన వ్యాసం ఏ పత్రికలో, ఏ సంపుటిలో, ఏ సంచికలో వచ్చిందో ముందు తెలుసుకోవాలి. ఆ సంపుటి మన లైబ్రరీలో ఉందా అన్నది ఆ తర్వాతి సంగతి. ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్లే చాలామంది పీజీ విద్యార్థులు మొదటి రోజే నిరాశపడి వచ్చేస్తారు.

మొదటి విడతకి నెట్ బాగా పనికొస్తుంది. గూగుల్ స్కాలర్‌లో వెతకండి. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వారి ఆన్‌లైన్ థీసిస్‌ల భండారం శోధ్‌గంగలో మీ అంశానికి దగ్గరగా ఉన్న థీసిస్‌లు తెరిచి, నేరుగా చివరి పేజీల్లోని ఆధార గ్రంథాల పట్టికకు వెళ్లండి. ఎవరో కొన్నేళ్లు కష్టపడి పోగుచేసిన జాబితా అక్కడ సిద్ధంగా ఉంటుంది. పత్రిక పేరు, సంపుటి, సంచిక, నెల, సంవత్సరం, పేజీలు, ఈ ఆరూ నోట్‌బుక్‌లో రాసుకోకుండా లైబ్రరీకి వెళ్లొద్దు.

రాసుకున్నాక కూడా ఒక చిక్కు ఉంటుంది. సంస్కృతీకరణ (కింది కులాలు పై కులాల ఆచారాలను అనుసరించడం) మీద సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ రాసిన ప్రసిద్ధ వ్యాసం ‘ఫార్ ఈస్టర్న్ క్వార్టర్లీ’ 15వ సంపుటి 4వ సంచికలో, 1956 ఆగస్టులో వచ్చింది. ఆ పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. ఎందుకంటే ఆ పత్రిక అదే ఏడాది ‘జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్’గా పేరు మార్చుకుంది. సంపుటాల లెక్క మాత్రం 16 నుంచి అలాగే కొనసాగింది. కొన్ని లైబ్రరీలు పాతవాటినీ కొత్త పేరు కిందే సర్దుతాయి. 1949లో మొదలైన ‘ఎకనామిక్ వీక్లీ’, 1966 నుంచి వస్తున్న ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ విషయంలోనూ ఇలాగే తికమకపడతారు. ఒక పేరుతో దొరక్కపోతే ఆ పత్రికకు ముందు పేరు, తర్వాతి పేరు ఏమిటో చూడండి.

ఇక సెక్షన్‌లోకి వెళ్దాం. రాక్‌లో కనిపించేవి ఈ ఏడాది సంచికలు మాత్రమే. పాతవి ఏడాదికో, ఆరు నెలలకో కలిపి బైండు చేసి వేరే బీరువాల్లో ఉంచుతారు. ఏ పత్రిక ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉంది, మధ్యలో ఏవి లేవు అన్న వివరాలు రిజిస్టర్‌లోనో కార్డుల్లోనో ఉంటాయి. అది చూపించమని అక్కడి సిబ్బందిని అడగండి. మొహమాటపడొద్దు, అడిగి చూసే విద్యార్థి వస్తే సంతోషించేవాళ్లే ఎక్కువ. బైండు పుస్తకాలు సాధారణంగా ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. ఫొటో తీసుకోనిస్తే వ్యాసం కంటే ముందు సంచిక మొదటి పేజీ తీయండి. లేకపోతే నెల తిరిగేసరికి ఆ ఫొటో ఏ సంచికలోదో మీకే తెలియదు.

మీ అంశానికి తెలుగు పత్రికలే ప్రాణం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ ఉద్యమం తెచ్చిన ‘గ్రంథాలయ సర్వస్వము’, నైజాం ప్రాంతానికి సంబంధించి 1926లో మొదలైన ‘గోలకొండ పత్రిక’, ఇంకా ‘ఆంధ్రపత్రిక’, ‘కృష్ణాపత్రిక’, ‘భారతి’ చూడకుండా ఈ డిసర్టేషన్ రాయలేరు. పాత మాసపత్రికల్లో తేదీకి బదులు తెలుగు సంవత్సరం, తెలుగు నెల కనిపిస్తాయి. అక్కడ జాగ్రత్త అవసరం. ఉగాదికి ముందు నెలలు పాత సంవత్సరంలోకే వస్తాయి. 1924 జనవరి రుధిరోద్గారిలో ఉంటే, అదే ఏడాది మే నెల రక్తాక్షిలో ఉంటుంది. పైగా అరవై ఏళ్లకి పేరు మళ్లీ తిరిగి వస్తుంది కాబట్టి సంవత్సరం పేరు ఒక్కటే చూసి ఇంగ్లిష్ ఏడాది వేసెయ్యొద్దు, సంపుటి సంఖ్యతో సరిచూసుకోండి.

అన్నీ నెట్‌లో ఉన్నాయి కదా అన్నారు. కొత్త జర్నళ్ల వరకు మీ మాటలో చాలా నిజముంది. 2025 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మీ యూనివర్సిటీలో దీనికి లాగిన్ ఎలాగో లైబ్రరీలోనే కనుక్కోండి. డబ్బు కట్టమన్న పేజీ చూసి వదిలేసిన వ్యాసం క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉచితంగా తెరుచుకోవచ్చు. పాత తెలుగు పత్రికల సంగతి వేరు. కొన్ని స్కాన్ అయ్యాయి, చాలా ఇంకా బీరువాల్లోనే ఉన్నాయి. స్కాన్ అయినవాటిలోనూ అక్షరాలు గుర్తించి వెతికే వీలు తక్కువ. పేజీ పేజీ తిప్పాల్సిందే. అలా తిప్పుతున్నప్పుడే మీరు వెతకనిది కళ్లబడుతుంది: ఫలానా ఊళ్లో పఠన మందిరం తెరిచారన్న నాలుగు లైన్ల వార్త, చందాదారుల పేర్లు, పుస్తకాల ధరల ప్రకటన. మీ డిసర్టేషన్‌కి కొత్తదనం ఇచ్చేవి ఇవే. అయితే బైండింగ్‌లో కవర్లు, ప్రకటనల పేజీలు తీసేసే అలవాటు చాలాచోట్ల ఉంది, కాబట్టి విడి సంచికలు ఎక్కడైనా ఉన్నాయేమో కూడా అడగండి.

కెరీర్ మాటకొస్తే, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ‘మీ సబ్జెక్టులో ఏ జర్నల్స్ చదువుతారు, ఈ మధ్య చదివిన వ్యాసం ఏది’ అని అడిగే అవకాశం చాలా ఎక్కువ. పుస్తకాల పేర్లు చెప్పి తప్పించుకోలేరు. అందుకు రాత్రికి రాత్రి తయారవలేం. వారానికి ఒక పూట కరెంట్ సంచికల రాక్ దగ్గర గడపండి. ‘ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ’ లాంటి జర్నల్ తీసుకుని మొదట చివర ఉండే పుస్తక సమీక్షలు చదవండి. వ్యాసాలు మొదట్లో కొరుకుడు పడవు. సమీక్షలు చదివితే ఎవరు ఏం వాదిస్తున్నారో తెలిసిపోతుంది. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. దాని కోసం చదివే చదువుకీ ఇది అక్కరకొస్తుంది.

ఒక్క హెచ్చరిక. ‘మీ పేపర్ వారంలో పబ్లిష్ చేస్తాం, ఐఎస్ఎస్ఎన్ ఉంది’ అంటూ డబ్బు అడిగే మెసేజ్‌లు వస్తాయి. ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికను గుర్తుపట్టే ఎనిమిది అంకెల సంఖ్య, నాణ్యతకు హామీ కాదు. యూజీసీ తాను గుర్తించిన జర్నళ్ల జాబితాను (కేర్ జాబితా) కూడా 2025లో ఆపేసింది. మంచి జర్నల్ ఏదో మీరే పోల్చుకోవాలి. నాలుగు మంచి జర్నళ్లు చేత్తో తిప్పినవాళ్లకి అది కష్టం కాదు.

మీ యూనివర్సిటీలో దొరకని సంపుటాల కోసం హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉన్నాయి. మీ గైడ్ సంతకంతో లెటర్, కాలేజీ ఐడీ, కావలసిన సంపుటాల జాబితా దగ్గర పెట్టుకోండి. వేటపాలెం వెళ్లాలంటే ముందుగా ఫోన్ చేసి, పని వేళలు, ఆ సంపుటాలు తీసి చూపించే వీలుందో లేదో కనుక్కున్నాకే టికెట్ తీసుకోండి.