గీతలన్నీ పోవాల్సిందేనా?

ప్రశ్న: నా కారుకి ఐదేళ్లు. ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గీతలు. డీటెయిలింగ్ వాళ్లు మూడు దశల పాలిష్ చేస్తేనే అద్దంలా అవుతుందంటున్నారు. అంత అవసరమా?

జవాబు: రోజూ తిప్పే కారుకైతే అక్కర్లేదండీ. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు, దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరని, అరగదీయడం. ఆ పొర మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లే, అంటే వెంట్రుక మందం కూడా ఉండదు, పైగా రంగుని ఎండ నుంచి కాపాడేది అదే, ఒకసారి అరిగితే తిరిగి రాదు. గోరుకి తగిలే గీతల జోలికి అసలు పోకండి, అవి పోయేదాకా రుద్దితే పొరే పోవచ్చు. ముందు ఒక చిన్న చోట మెత్తటి ప్యాడ్‌తో ఒక్క దశ చేయించి చూడండి. చాలా కార్లకి అదే సరిపోతుంది. మిగిలినవి లైటు వేసి వెతికేవాళ్లకే కనిపిస్తాయి (వాళ్లు మీ కారు కొనరు లెండి). డీటెయిలింగ్ వాళ్లు ఇంకా దశలు చేయాల్సిందే అంటే, ముందు పెయింట్ మందం కొలిచి చూపించమనండి. అన్నట్టు ఆ గీతలు ఎక్కువగా కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు పడ్డవే, దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి తుడవడం ఇవాళే మానేయండి.