ట్యూటర్ వస్తున్నది తనిఖీకి కాదు

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో ఆక్యుపేషనల్ థెరపీ (రోగులు రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా తోడ్పడే చికిత్స) ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రస్తుతం ఒక ఆసుపత్రి పునరావాస వార్డులో ప్లేస్‌మెంట్, అంటే కోర్సులో భాగమైన పని శిక్షణ, చేస్తున్నాను. సగం కాలం పూర్తయ్యే వారంలో యూనివర్సిటీ ట్యూటర్ వస్తారట. ఫెయిలయ్యేవారి దగ్గరికే వస్తారని తోటివారు భయపెడుతున్నారు. నా ఇబ్బంది ఏమిటంటే, కిచెన్ అసెస్‌మెంట్ (రోగి వంటగదిలో సొంతంగా పని చేసుకోగలరా అని చూసే పరీక్ష) నాకు అప్పగించినా, రోగి కెటిల్ మీద చెయ్యి వేయగానే వార్డులో నాకు శిక్షణ ఇచ్చే థెరపిస్టు, అంటే మా ఎడ్యుకేటర్, ముందుకొచ్చి అంతా తానే నడిపిస్తారు. ఈ సంగతి ట్యూటర్‌తో చెబితే ఎడ్యుకేటర్ మీద ఫిర్యాదు చేసినట్లవుతుందా?
– ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: ఇబ్బందులున్న చోటికి ట్యూటర్లు అదనంగా వెళ్లే మాట నిజమే కానీ, సగం కాలంలో జరిగే భేటీ చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులందరికీ ఉండేదే, కొన్నిచోట్ల అది వీడియో కాల్‌లోనే ముగుస్తుంది. మీ పనిని రోజూ చూసి అంచనా రాసేది ఎడ్యుకేటరే తప్ప ట్యూటర్ కాదు. సాధారణంగా ట్యూటర్ మీతో కాసేపు, ఎడ్యుకేటర్‌తో కాసేపు విడివిడిగా మాట్లాడి, ఆ తర్వాత ముగ్గురూ కలిసి కూర్చుంటారు.

ఇక కెటిల్ సంగతి. పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషి టీ పెడుతున్నప్పుడు మీరు గమనించవలసింది పనుల వరుస గుర్తుందా, నీళ్లు నింపిన కెటిల్‌ను ఒంటిచేత్తో ఎత్తగలరా, తడబడితే తమంతట తామే సర్దుకుంటారా అన్నది; పక్కనున్నవారు మాట అందిస్తే ఇవేవీ బయటపడవు. అయితే మరుగుతున్న నీళ్ల దగ్గర ఆ రోగి భద్రతకు జవాబుదారీ హెచ్‌సీపీసీలో (బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే సంస్థలో) నమోదైన థెరపిస్టుగా మీ ఎడ్యుకేటర్‌దే కనుక, ఆమె తొందరను తప్పుపట్టలేం. అందుచేత "నన్ను చేయనివ్వడం లేదు" అనకుండా, "ఏ దశలో మీరు కలగజేసుకుంటారో ముందే అనుకుందామా?" అని ఈ వారం సూపర్‌విజన్‌లోనే, అంటే ఎడ్యుకేటర్ మీ పని గురించి మీతో మాట్లాడే సమయంలోనే, అడగండి. అప్పుడు ట్యూటర్ ముందు అదే మాట ఫిర్యాదుగా కాక, మీ లెర్నింగ్ కాంట్రాక్టులో (ప్లేస్‌మెంట్‌లో మీ లక్ష్యాలు రాసుకునే ఒప్పందంలో) తేదీతో సహా రాసుకోదగిన లక్ష్యంగా నిలుస్తుంది.

ముందుగా ఎడ్యుకేటర్‌తో చెప్పడానికి నోరు రాకపోతే, విడిగా దొరికే సమయంలో ట్యూటర్‌కు చెప్పండి. రోగుల భద్రతకు, వేధింపులకు సంబంధించినవైతే ఆయన లేదా ఆమె రహస్యంగా ఉంచలేరన్నది గుర్తుంచుకోండి. మనవాళ్లలో చాలామంది "అంతా బాగుందండీ" అని మొహమాటానికి పోయి ఈ అవకాశాన్ని వదులుకుంటారు. నా దృష్టిలో ఇది ఖరీదైన మర్యాద. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ప్రమాణం ప్రకారం కోర్సులో కనీసం 1000 గంటల ప్లేస్‌మెంట్ పూర్తి కావాలి, ఫెయిలైన ప్లేస్‌మెంట్ గంటలు సాధారణంగా ఆ లెక్కలోకి రావు. లోటు చివరి వారంలో బయటపడితే దిద్దుకోవడానికి రోజులుండవు.

డిస్లెక్సియా వంటి ఇబ్బంది ఉంటే 2010 నాటి సమానత్వ చట్టం కింద తగిన సర్దుబాట్లు కోరవచ్చు. రోగుల పేర్లు, కేస్ నోట్స్ మాత్రం ఆ భేటీలోకి తీసుకువెళ్లకండి. ట్యూటర్ వారి చికిత్స బృందంలో సభ్యులు కారు. మాట్లాడుకున్నవి ముగ్గురికీ మెయిల్‌లో అందేలా చూసుకోండి. ఆ తర్వాతి కిచెన్ అసెస్‌మెంట్‌లోనూ పరిస్థితి మారకపోతే, మరో భేటీ కోసం ఎదురుచూడకుండా అదే మెయిల్‌కు జవాబుగా ట్యూటర్‌కు రాయండి.