హుస్సేన్ సాగర్ మీద తేలే పచ్చ తెట్టు రంగును జన్యువే తయారు చేస్తుందా?

లేదు, జన్యువు రంగును నేరుగా తయారు చేయదు. రంగు అణువును పట్టి ఉంచే ప్రోటీన్ ఎలా ఉండాలో మాత్రమే చెబుతుంది.

హుస్సేన్ సాగర్‌లో తెట్టులా తేలే మైక్రోసిస్టిస్ అనే సయనోబ్యాక్టీరియానే (ఎండతో ఆహారం తయారు చేసుకునే బ్యాక్టీరియా) తీసుకోండి. అందులో ఫైకోసయనిన్ అనే నీలి ప్రోటీన్ ఉంటుంది. దాని రెండు భాగాలకు సీపీసీ-ఏ, సీపీసీ-బీ అని రెండు జన్యువులు. డీఎన్‌ఏలో ఇవి పక్కపక్కనే ఉండి కలిసే పనిచేస్తాయి. అసలు నీలి రంగు మాత్రం ఫైకోసయనోబిలిన్ అనే చిన్న అణువుది. దాన్ని హీమ్ నుంచి వేరే ఎంజైములు తయారు చేస్తాయి (మన రక్తానికి ఎరుపునిచ్చేది కూడా హీమే). ఆ ఎంజైములకు జన్యువులు వేరు. అణువు వచ్చి ప్రోటీన్‌కు అతుక్కున్నాకే పని మొదలవుతుంది: క్లోరోఫిల్ అంతగా పీల్చుకోని, 620 నానోమీటర్ల దగ్గరి నారింజ కాంతిని పట్టి, ఆ శక్తిని క్లోరోఫిల్‌కు అందిస్తుంది. నీలి ప్రోటీన్, పచ్చ క్లోరోఫిల్ కలిసి ఉండటం వల్లే తెట్టు నీలం కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది.

చాలామంది పొరబడేది ఇంకోచోట: నీళ్లలో పచ్చగా ఉన్నదంతా ఒకే రకం నాచు, జన్యువులూ ఒకటే అనుకుంటారు. కానీ ఆకుపచ్చ శైవలాల్లో (అసలైన పచ్చ నాచుల్లో) ఫైకోసయనిన్ ఉండదు. వాటి కాంతిగ్రాహక ప్రోటీన్లు పూర్తిగా వేరే కుటుంబానికి చెందినవి, ఆ జన్యువులు కేంద్రకంలో ఉంటాయి. ఎర్ర శైవలాల్లో మాత్రం ఫైకోసయనిన్ ఉంటుంది, దాని జన్యువులు క్లోరోప్లాస్టులో (కణంలో ఎండతో ఆహారం తయారయ్యే భాగంలో) ఉంటాయి. సయనోబ్యాక్టీరియాకైతే కేంద్రకమే లేదు.