కార్డు మీద 5 శాతం, చేతికి 2 శాతం

ప్రశ్న: నెలకు 40,000 రూపాయలు ఖర్చు పెడతాను. అందులో 25,000 ఆన్‌లైన్ కొనుగోళ్లే. ఒక క్రెడిట్ కార్డు ఆన్‌లైన్‌కు 5 శాతం, మిగతావాటికి 0.5 శాతం క్యాష్‌బ్యాక్ (ఖర్చులో కొంత వెనక్కి) ఇస్తుంది. ఏడాదికి ఫీజు 1,000. ఇంకో కార్డు దేనికైనా 1.5 శాతం ఇస్తుంది, ఫీజు లేదు. 5 శాతం కార్డుకు నెలకు గరిష్ఠంగా 500 అని రాసి ఉంది. అయినా అదే మేలు కదా?

జవాబు: మీరు చివర్లో రాసిన ఆ 500 పరిమితిలోనే అసలు సంగతంతా ఉందండీ. 10,000 ఖర్చు పెట్టేసరికి 5 శాతం కింద 500 వచ్చేస్తుంది. ఆ పైన మీరు ఆన్‌లైన్‌లో పెట్టే 15,000కు వచ్చేది సున్నా. అంటే 25,000 మీద మీకు దక్కేది 2 శాతమే. ఆన్‌లైన్ కాని మిగతా 15,000కు 0.5 శాతం చొప్పున 75. నెలకు 575, ఏడాదికి 6,900. ఫీజు పోగా 5,900. రెండో కార్డయితే నెలకు 600, ఏడాదికి 7,200. ఒక్కటే తీసుకునేట్టయితే ఫీజు లేనిదే తీసుకోండి.

రెండూ పెట్టుకుంటే లెక్క మారుతుంది. ఆన్‌లైన్‌లో మొదటి 10,000 మొదటి కార్డు మీద, మిగిలిన 30,000 రెండోదాని మీద పెడితే నెలకు 500, 450 కలిపి 950. ఫీజు తీసేసినా ఏడాదికి 10,400. ఫీజు గిట్టుబాటును చాలామంది తప్పుగా లెక్కేస్తారు. 5 శాతాన్ని సున్నాతో కాదు, ఫీజు లేని కార్డు ఎలాగూ ఇచ్చే 1.5 శాతంతో పోల్చాలి. తేడా 3.5 శాతం. 1,000 ఫీజు తిరిగి రావాలంటే ఆ కార్డు మీద నెలకు దాదాపు 2,400 ఆన్‌లైన్ ఖర్చు ఉండాలి. మీకు అంతకు మించే ఉంది.

పరిమితిని ఒకటో తారీఖు నుంచి లెక్కిస్తారా, బిల్లు తేదీ నుంచా అన్నది కూడా చూసుకోండి. బిల్లు తేదీ నుంచే అయితే, ఈ నెల పరిమితి అయిపోయాక పెద్ద కొనుగోలును బిల్లు పడిన మర్నాటికి వాయిదా వేసుకోవచ్చు.

ప్రశ్న: సరుకులకు క్యాష్‌బ్యాక్ ఉన్న కార్డుతోనే సరుకులు కొన్నాను. పైసా రాలేదు. ఎందుకు?

జవాబు: మీ సంచిలో ఏముందో బ్యాంకుకు తెలియదు. అది చూసేది దుకాణానికిచ్చిన నాలుగంకెల కోడ్‌ను. సరుకుల దుకాణాలు, సూపర్‌మార్కెట్లకు 5411. డిపార్ట్‌మెంట్ స్టోర్లకు 5311. సభ్యత్వంతో నడిచే టోకు దుకాణాలకు 5300. మూడు చోట్లా బియ్యం దొరకవచ్చు గాని, కార్డు నిబంధనల్లో మొదటి కోడ్ మాత్రమే ఉండొచ్చు. ఫోన్ యాప్‌లోని వాలెట్‌లో డబ్బు వేసి అందులోంచి కడితే అది సరుకుల ఖర్చుగా కాక వాలెట్ నింపినట్టు నమోదవుతుంది. అద్దె, ఇంధనం, బీమా, వాయిదాల కొనుగోళ్లకు చాలా కార్డులు క్యాష్‌బ్యాక్ ఇవ్వవు. కొత్త దుకాణంలో ముందు చిన్న మొత్తం కొని, క్యాష్‌బ్యాక్ పడిందో లేదో చూశాకే పెద్ద బిల్లు చేయండి.

ప్రశ్న: ఒక నెల బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం మాత్రమే కడితే క్యాష్‌బ్యాక్ పోతుందా?

జవాబు: క్యాష్‌బ్యాక్ ఉండొచ్చు, దాని లాభం మాత్రం మిగలదు. 40,000 బిల్లులో 2,000 కట్టారనుకోండి. నెలకు 3 శాతం వడ్డీ ఉంటే మిగిలిన 38,000 మీద నెలకే 1,140. పై లెక్కలో రెండు కార్డులతో అంత జాగ్రత్తపడితే వచ్చింది 950! పైగా చాలా కార్డుల్లో వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచే వేస్తారు. బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్లకూ వడ్డీ లేని గడువు ఉండదు. అంతా కట్టేశాక కూడా తర్వాతి బిల్లులో కాస్త వడ్డీ కనిపిస్తే కంగారుపడకండి. బిల్లు వచ్చిన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా పేరుకున్నది అది. బిల్లు ఖాతాలోంచి దానంతటదే చెల్లయ్యే ఆటో పే పెట్టేటప్పుడు 'కనీస మొత్తం' కాకుండా 'పూర్తి మొత్తం' ఎంచుకోండి. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, రుసుము అదనం.

ప్రశ్న: కొన్న వస్తువు వాపసు ఇచ్చాను. దాని మీద వచ్చిన క్యాష్‌బ్యాక్?

జవాబు: వెనక్కి తీసుకుంటారు. బిల్లు తయారయ్యాక, మీరింకా కట్టకముందే, గడువు తేదీలోగా వాపసు డబ్బు పడితే బ్యాంకు దాన్ని ఆ బిల్లులో కట్టాల్సిన మొత్తంలోంచి తగ్గించాలి. అప్పటికి వాపసు పడకపోతే బిల్లులో ఉన్నదంతా గడువులోగా కట్టేయండి. ఆ తర్వాత పడే వాపసు తర్వాతి బిల్లులో తగ్గుతుంది.