హామ్ రేడియోకి యాగీ యాంటెన్నా కొనాలా, ఇంట్లో చేసుకోవాలా?

హామ్ రేడియో అంటే లైసెన్సుతో హాబీగా నడిపే రేడియో. యాగీ అంటే వరసగా కడ్డీలు ఉండి, ఒక దిక్కుకి గురిపెట్టే యాంటెన్నా. రెండు మీటర్ల బ్యాండ్‌కైతే (మన దేశంలో 144–146 మెగాహెర్ట్జ్) ఇంట్లోనే చేసుకోండి. 14 మెగాహెర్ట్జ్ లాంటి హెచ్ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ, పొడవైన తరంగాల) బ్యాండ్లలో తిరిగే బీమ్ (యాగీ లాంటి యాంటెన్నా) కావాలంటే కొనడమే మేలు.

కారణం సైజు. యాగీలో ఒక్కో కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం. 145 మెగాహెర్ట్జ్‌కి అది సుమారు మీటరు, 14కి పది మీటర్లు. అంత పొడవు గొట్టాలు డాబా మీద ఈదురుగాలికి నిలబడాలంటే టవర్, క్లాంపులు, రోటేటర్ (యాంటెన్నాని తిప్పే మోటారు) అన్నీ గట్టివి ఉండాలి. అక్కడ పొరపాటు జరిగితే కింద ఉన్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది.

రెండు మీటర్లకి పీవీసీ పైపు, స్టీలు కొలత టేపు ముక్కలు చాలు. వెనక కడ్డీ (రిఫ్లెక్టర్) సుమారు 1.05 మీటర్లు, ముందు కడ్డీ (డైరెక్టర్) 0.9 మీటర్లు. మధ్య కడ్డీని రెండు ముక్కలు చేసి కోయాక్స్ (రేడియో నుంచి వచ్చే కేబుల్) కలపాలి, ఆ రెండింటి మధ్య చిన్న యు ఆకారపు తీగ అతకాలి. టేపు మీది పెయింటును ఎమరీ పేపర్‌తో బాగా గీకండి, లేకపోతే సోల్డర్ అంటదు. చేత్తో పట్టుకుని అంతరిక్ష కేంద్రం వైపు తిప్పితే, ప్రసారం ఉన్నప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ మీద హాయిగా వినొచ్చు.

ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) తక్కువ వస్తే యాంటెన్నా బాగున్నట్టే అని చాలామంది అనుకుంటారు. డమ్మీ లోడ్‌కి (యాంటెన్నా బదులు పెట్టే, పవర్ పీల్చుకునే రెసిస్టర్‌కి) కూడా 1:1 వస్తుంది, కానీ దాని నుంచి సిగ్నల్ దాదాపు బయటికే పోదు. గెయిన్ (ఒక దిక్కుకి సిగ్నల్ బలం పెరగడం) వచ్చేది కడ్డీల పొడవు, వాటి మధ్య దూరం, బూమ్ (కడ్డీలు బిగించే పైపు) పొడవు వల్ల. కొన్నదైనా చేసుకున్నదైనా అంతే.