స్పీడ్ కారుకి షాక్ అబ్జార్బర్లు మారుస్తుంటే గట్టివే కొనాలా?

అక్కర్లేదు, కారులో ఉన్న స్ప్రింగులకీ కారు ఎత్తుకీ సరిపోయేవే కొనాలి. బరువు మోసేది స్ప్రింగు. గుంతలో నొక్కుకున్న ఆ స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా, లోపలి ఆయిల్‌ను సన్నని దారుల్లోంచి నెట్టి ఊపును అణిచేది షాక్ అబ్జార్బర్. అది స్ప్రింగుకి తగ్గ బలం లేనిదైతే కారు ఊగుతుంది. మరీ గట్టిదైతే ఇంకా ప్రమాదం: వరుస గతుకుల మీద టైరు రోడ్డును వదిలేస్తుంది, మలుపులో పట్టు పోతుంది.

ఉదాహరణకు షాక్ అబ్జార్బర్ల కంపెనీ బిల్‌స్టీన్‌లో బీ6 మామూలు ఎత్తుకి, బీ8 కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులకి. పొట్టి స్ప్రింగులతో మామూలు షాక్ వేస్తే కదిలే చోటు తగ్గి, చిన్న గుంతకే, కదలికను చివర్లో ఆపే రబ్బరు లాంటి దిమ్మ అయిన బంప్ స్టాప్‌కి టక్కున తగులుతుంది.

గట్టి షాక్ వేస్తే కారు కిందికి దిగుతుందని చాలామంది అనుకుంటారు. ఎత్తును తేల్చేది ప్రధానంగా స్ప్రింగే. లోపల ఒత్తిడితో గ్యాస్ నింపిన షాక్ అయితే ఓ పిసరు పైకే లేపుతుంది.