నలభై వేలకు ప్రెస్ కార్డు

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. బెల్లం మండీ ఉంది. మా అబ్బాయి తిరుపతిలో బీఏ ఫైనలియర్. పొలిటికల్ రిపోర్టర్ అవుతానని పట్టుబట్టాడు. అందులో జీతాలుండవురా, గ్రూప్-2 కోచింగ్‌లో చేరమంటే వినడం లేదు. తెలిసినాయన ఒకరు ఇక్కడే యూట్యూబ్ చానల్‌లో పెట్టిస్తాం, ఐడీ కార్డు, లోగో ఇస్తాం, నలభై వేలు డిపాజిట్ కట్టండి అంటున్నారు. కట్టమంటారా? గ్రూప్-2, జర్నలిజం రెండూ పోల్చి చెప్పండి. రేపు వీడి రాతల వల్ల మా వ్యాపారానికి ఇబ్బంది రాదు కదా?

జవాబు: అయ్యా, ముందు ఆ నలభై వేలు కట్టకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

పని చేయించుకునేవాళ్లు జీతం ఇవ్వాలి గానీ డిపాజిట్ అడగడమేంటి? ఇలాంటి కార్డులు మెడలో వేసుకుని నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లు చాలామంది. ఒకడు బైకుకు ‘ప్రెస్’ స్టిక్కర్ అంటించుకుని, లోగో మైకు సంచిలో పెట్టుకుని వచ్చాడు. ఏడాదిలో నువ్వు సొంతంగా తెచ్చిన వార్త ఒక్కటి చూపించమన్నాను. ఫోన్ తీసి ప్రెస్‌మీట్ బైట్లు చూపించాడు. అందరి మైకుల పక్కన వాడి మైకు, అంతే. కట్టిన డబ్బు రాబట్టుకోవడానికి లీడర్ల పుట్టినరోజులకు యాడ్లు అడుగుతూ తిరుగుతున్నాడట. యూట్యూబే చెడ్డదని అనను. సొంత చానల్ పెట్టుకుని బాగా చేస్తున్నవాళ్లున్నారు. కాకపోతే వాళ్లలో నాకు తెలిసినవాళ్లంతా ముందు ఏదో ఒక పత్రికలో వార్తలు దిద్దే డెస్కులో తిట్లు తిన్నవాళ్లే. ఇది తప్పురా అని చెప్పే సబ్‌ఎడిటర్ లేని చోట ఇరవై ఏళ్ల పిల్లవాడు గొంతు పెంచడం తప్ప ఏం నేర్చుకుంటాడన్నది నా అనుమానం.

ఇక మీరు చివర్లో చిన్నగా అడిగారే, అసలు ప్రశ్న అదేనని నాకనిపించింది. కోచింగ్ మాట కొడుకు మీద ప్రేమతో సగం, మండీ మీద భయంతో సగం. భయపడటం తప్పు కాదు. ఆ భయాన్ని వాడికి చెప్పకుండా ‘అందులో జీతాలుండవు’ అని సాకు చెప్పడం మాత్రం బాగాలేదు. పైగా అంత భయపడే మీరు డబ్బు కట్టి మరీ ఉన్న ఊళ్లోనే రిపోర్టర్‌ని చేద్దామనుకోవడమేంటి? సొంత ఊరి రాజకీయం రాస్తే ఇబ్బంది వస్తుంది, నిజమే. మీ దగ్గర సరుకు కొనేవాడి బామ్మర్దే ఏదో పార్టీలో మండల నాయకుడై ఉంటాడు. అందుకే మొదటి నాలుగైదేళ్లు విజయవాడలోనో హైదరాబాద్‌లోనో డెస్కులో చేయమనండి. లేదంటే వేరే జిల్లాకు పోనివ్వండి.

మండలాల నుంచి పత్రికకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్ బతుకు వేరు. చాలాచోట్ల నెల జీతం ఉండదు, అచ్చయిన వార్తను కొలిచి లైన్ల లెక్కన డబ్బిస్తారు, దాన్నే లైన్ అకౌంట్ అంటారు. ఉగాదికీ సంక్రాంతికీ యాడ్ టార్గెట్లు. పొద్దున ఎవరి మీద వార్త రాశాడో సాయంత్రం యాడ్ కోసం వాళ్ల గుమ్మమే ఎక్కాలి. మీవాడు ఆ దారిలో పోకూడదు. పెద్ద పత్రికల జర్నలిజం స్కూళ్లు పరీక్ష పెట్టి తీసుకుని, శిక్షణలో స్టైపెండ్ కూడా ఇస్తాయి. చెన్నైలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది గానీ ఇంగ్లిష్ గట్టిగా రావాలి, ఫీజూ ఎక్కువే. ఢిల్లీలో ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) ప్రభుత్వానిది. అమ్మాయి అయ్యుంటే తిరుపతి పద్మావతి మహిళా వర్సిటీ పేరు ముందు చెప్పేవాణ్ని.

వాడిది ఇష్టమా, టీవీ డిబేట్ల మోజా అన్నది తేల్చుకోవాలంటే చిన్న పని చెప్పండి. పోటీ చేసే అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఫారం 26. ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ అందులోనే. ఒకే అభ్యర్థి 2019లో ఇచ్చిందీ 2024లో ఇచ్చిందీ పక్కపక్కన పెట్టుకుని గంటసేపు కదలకుండా చూడగలడా? కుప్పంలో 1989 నుంచి చంద్రబాబే గెలుస్తున్నారని టీకొట్టు దగ్గర ఎవరైనా చెబుతారు. ఏ బూత్‌లో ఓట్లు ఎటు కదిలాయో బూత్‌లవారీ ఓట్ల లెక్క ఉండే ఫారం 20 తిరగేస్తే గానీ తెలియదు. ఈ ఉద్యోగంలో సగం కాగితాలే. మిగతా సగం ఎండలో నిలబడటం, ఫోన్ ఎత్తనివాళ్లకు పదోసారి చేయడం.

పోల్చమన్నారు కదా. గ్రూప్-2 వస్తే మీకు నిద్ర పడుతుంది. కానీ 2023 డిసెంబరులో ఇచ్చిన నోటిఫికేషన్‌కు మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగింది. ఇష్టంలేనివాడు అన్నాళ్లు పుస్తకం ముందు కూర్చుంటాడా? మూడేళ్లు జర్నలిజంలో చేసి కుదరలేదనుకోండి, అప్పటికి వాడికి పాతిక కూడా నిండవు. అప్పుడు గ్రూప్స్ రాసుకోవచ్చు, పాలిటీ సగం నోటికి వచ్చేసి ఉంటుంది. కంగారు పడాల్సిందేమీ లేదు.

ఈ ఆదివారం వాణ్ని మండీకి తీసుకెళ్లండి. రైతు తెచ్చిన బెల్లానికి ధర ఎవరు కడుతున్నారు, కమీషన్ ఎంత, తూకంలో ఎంత తరుగు తీస్తున్నారు అని అందరినీ అడిగి రెండు పేజీలు రాయమనండి. మిమ్మల్నీ అడుగుతాడు, దాటేయకండి. రాసింది నాకు పంపండి, మీ గురించి రాసిన లైన్లు కొట్టేయకుండా.